అబిడ్స్‌లో షోకు.. పల్లె దారిలో షాకు

జిల్లా పల్లెల్లో ఇప్పుడు ఒక కొత్త షోకు పుట్టింది. సెకండ్‌హ్యాండులో చిన్న కారు కొంటున్నారు. కొన్న వారానికే నాంపల్లి వెళ్లి సామాను సంచిలో వేసుకొచ్చి, ఇంటి ముందు చెట్టు కింద సొంతంగా బిగించుకుంటున్నారు. వెనుక తలుపు పైకి లేచే పొట్టి కార్లే ఈ షోకుకు ఎక్కువగా చిక్కుతున్నాయి. వాటికి తూకం తక్కువ, పరుగు ఎక్కువ. 2005లో వచ్చిన స్విఫ్టుకు 2007లో డీజిల్ ఇంజను తోడయ్యాక అది పల్లెలకు మరీ దగ్గరైంది. 2010లో వచ్చి 2022లో తయారీ నిలిచిపోయిన పోలోను కుర్రకారు ఇప్పటికీ వెతికి మరీ కొంటున్నారు. ఒకప్పుడు ఎద్దుల కొమ్ములకు రంగులేసి, మెడలో గజ్జెలు కట్టి మురిసిన ఇళ్లలోనే ఇప్పుడు కారుకు నల్ల చక్రాలు, నీలి దీపాలు వెలుస్తున్నాయి. ఆ ముచ్చట తప్పని ఎవరూ అనరు. చీకటి పడ్డాక ఆ కారు రోడ్డెక్కినప్పుడే చిక్కు మొదలవుతోంది.

తాండూరు, వికారాబాద్ వైపు నుంచి ముంబయి రైలెక్కిన వారు నాంపల్లి స్టేషనులోనే దిగుతారు. స్టేషను బయటికొచ్చి ఆ వీధుల్లో తిరిగితే సీటు కవర్లు, స్టిక్కర్లు, హారన్లు వేలాడదీసిన దుకాణాలు కనిపిస్తాయి. ఇంకాస్త నడిస్తే అబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అక్కడ పెట్టిన దుకాణం వల్లనే ఆ చోటికి ఆ పేరు వచ్చింది. షోకు సామాను అమ్మకం అక్కడ నూరేళ్లకు పైబడిన వ్యాపారమన్న మాట. చిరాగ్ అలీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను, ట్రూప్‌బజారులో వైర్లు, స్విచ్చులు, పుత్లీబౌలి వైపు బండ్ల విడిభాగాలు దొరుకుతాయి. పొద్దున దిగినవాడు మధ్యాహ్నానికల్లా కారుకు కావలసినవన్నీ సంచి నిండా కొనుక్కోవచ్చు. అవి బిగించే పద్ధతి మాత్రం ఏ దుకాణంలోనూ సంచిలో వేసి ఇవ్వరు. ఆదివారం నాడు అబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకాలు గుట్టలుగా పోసి అమ్ముతారు గాని, వాటిలో మెకానిక్కు పుస్తకాలు వెతుక్కునే ఓపిక ఇప్పుడు ఎవరికుంది? అంతా సెల్‌ఫోనులో వీడియో చూసి నేర్చుకోవడమే. ఆ వీడియోలో పని పూర్తయి దీపం వెలిగినంతవరకు చూపుతారు. ఆరు నెలల తర్వాత ఆ తీగ ఏ గతి పట్టిందో ఎవరూ చూపరు.

సొంత చేత్తో పని చేసుకోవడం నామోషీ కాదు. బోరు మోటారు నిలిచిపోతే స్టార్టరు విప్పి బాగుచేసుకునే రైతులు ఊరికి పదిమంది ఉంటారు. అలాంటి చేతులకు కారు పెద్ద లెక్క కాదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ అనే ఆయన బడికి వెళ్లే వయసు నుంచే పాత ఇనుప సామానుతో బండ్లు తయారుచేస్తూ వచ్చి, 2010లో ఏకంగా సుధా కార్స్ మ్యూజియమే పెట్టారు. బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో, వంకాయ ఆకారంలో ఉన్న కార్లను చూడటానికి జనం టికెట్టు కొని మరీ వెళుతున్నారు. అయితే అవి ప్రదర్శనకు పెట్టిన బండ్లు. రాత్రి ఎనిమిది గంటలకు ఎదురుగా ఎడ్లబండి వస్తుంటే దాని పక్కనుంచి దూసుకుపోవలసిన పని వాటికి లేదు.

ముందుగా దీపాల సంగతి చెప్పుకోవాలి. పల్లెలకు అన్నిటికంటే ఎక్కువ బాధ వాటి వల్లనే కలుగుతోంది. హాలోజన్ దీపాల కారుకు కంపెనీ వారు ఇచ్చే బల్బు సాధారణంగా 60/55 వాట్లది. అది చాలదని 100/90 వాట్ల బల్బు తెచ్చి బిగిస్తున్నారు. మరికొందరు హాలోజన్ బల్బు కోసం చేసిన అద్దంలోనే ఎల్‌ఈడీ బల్బు దూర్చుతున్నారు. లోపలి అద్దం వంపు ఒక రకం బల్బుకు సరిపడేలా కొలిచి చేసింది. వేరే బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడే బదులు నలుదిక్కులా చెదిరి ఎదుటివారి కళ్లలోకి కొడుతుంది. డిప్పర్ వేసినా లాభముండదు. "కండ్లల్ల కారం జల్లినట్లయితుంది బిడ్డా" అని పొలాల నుంచి సైకిలు మీద తిరిగొచ్చే పెద్దలు వాపోతున్నారు. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, గడ్డి బండి, రోడ్డు పక్కన నడిచే కూలీలు ఆ వెలుగు దాటిన తర్వాత కొంతసేపటి వరకు ఎవరికీ కనిపించరు. కారులో ఉన్నవాడికి దారి పట్టపగలులా ఉంటుంది. గుడ్డివారయ్యేది మిగతావారే.

చేవెళ్ల మీదుగా మన్నెగూడకు పోయే దారి ఎలాంటిదో జిల్లాలో తెలియనివారు లేరు. అటూ ఇటూ మర్రిచెట్లు, మధ్యలో ఇరుకు రోడ్డు. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద తాండూరు డిపో బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది చనిపోయిన ఘోరం అదే దారిలో జరిగింది. ఆ ప్రమాదానికీ ఈ దీపాలకూ సంబంధం లేదు. కాని అలాంటి దారిలో రెండు క్షణాలు కళ్లు చెదిరితే చాలు, ప్రాణం మీదికి వస్తుందని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఎదుటివారి కళ్ల సంగతి అలా ఉంచినా, సొంత కారుకూ ఈ బల్బుతో ముప్పే. కారు బ్యాటరీ 12 వోల్టులది. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే తీగలో పది ఆంపియర్ల కరెంటు పోతుంది. వంద వాట్లవి పెడితే అది దాదాపు పదిహేడుకు చేరుతుంది. వేడి మాత్రం ఆ లెక్కన కాక అంతకు మించి, మూడింతలకు దగ్గరగా పెరుగుతుంది. మూడు హెచ్‌పీ మోటారుకు వేసిన సన్న తీగ మీద ఐదు హెచ్‌పీ మోటారు నడిపితే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పాలా? కారులోనూ అదే జరుగుతుంది. ముందు బల్బు హోల్డరు మెత్తబడుతుంది, తర్వాత తీగ మీది తొడుగు కరుగుతుంది. మధ్యలో ఫ్యూజు కాలిపోయి హెచ్చరిస్తే, ఎందుకు కాలిందో చూడకుండా ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తున్నారు. అదీ లేకపోతే రాగి తీగ చుట్టేస్తున్నారు. ఇంట్లో ఫ్యూజుకు చేసిన అలవాటు కారుకూ వచ్చింది. పాట పెట్టెకు, నీలి దీపాల పట్టీకి, వెనుక కెమెరాకు అన్నిటికీ ఒకే తీగ నుంచి గిల్లి కలిపి, పైన టేపు చుట్టి వదిలేస్తున్నారు. ఎండాకాలంలో ఇంజను వేడికి ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ అయితే బ్యాటరీ నుంచి వేరే తీగ లాగి, మధ్యలో రిలే పెట్టి, ప్రతిదానికీ తగిన ఫ్యూజు వేస్తాడు. ఆ ఖర్చు వందల్లోనే ఉంటుంది. షోకు మీద వేలు పోసేవారు అక్కడ మాత్రం పిసినారితనం చూపుతున్నారు.

ఇక పని జరిగే చోటు సంగతి. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న జరిగిన ఘోరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దీపావళి మరునాటి ఉదయం ఒక నివాస భవనం కింది అంతస్తులో మంటలు లేచి పైనున్న ఇళ్లను చుట్టుముట్టాయి. ఆ రోజే తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. కింద కారు మరమ్మతు జరుగుతుండగా రేగిన నిప్పురవ్వలు అక్కడ నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు అంటుకున్నాయని ఆనాడు పోలీసులు చెప్పారు. పై అంతస్తులో నిద్ర లేచినవారికి కింది కారుతో ఏం పని?

పల్లె ఇంటి కొట్టం ఒకసారి చూసుకుంటే ఆ బజార్‌ఘాట్ ఎంత దూరమో తెలుస్తుంది. ఒక మూల కంది కట్టె, పత్తి కట్టె. ఇంకో మూల ట్రాక్టరుకు తెచ్చిన డీజిల్ డబ్బాలు. మందు కొట్టే మిషనుకు తెచ్చిన పెట్రోలు సీసా. గోడకు ఆనించి గ్యాస్ బండ. ఆ మధ్యలో కారు నిలిపి, అద్దెకు తెచ్చిన వెల్డింగ్ మిషనుతో సైలెన్సరు కోసి అతికిస్తున్నారు, గ్రైండరుతో బంపరు గీకుతున్నారు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పాలన్న సంగతి చాలామందికి తెలియదు. పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చూసుకోకుండానే పని మొదలవుతోంది. ఫైరింజను పట్టణం నుంచి రావలసిందే. అది వచ్చేసరికి కొట్టం ఉండదు. పని చేయదలచినవారు కారును ఆరుబయట, గడ్డివాముకు దూరంగా నిలుపుకొని, బకెట్టు ఇసుక, తడి గోనెసంచి దగ్గర పెట్టుకుంటే కొంతవరకైనా క్షేమం.

కారు నేలకు ఆనినట్లుంటే అందమని స్ప్రింగులను రంపంతో కోయిస్తున్నవారూ ఉన్నారు. ఇది మరీ చోద్యం. కోసిన స్ప్రింగు తన గూటిలో నిలవదు. గుంటలో పడి లేచినప్పుడు పక్కకు జారితే స్టీరింగు మాట వినదు. పైగా జిల్లాలో ప్రతి ఊరి ముందూ ఇష్టారాజ్యంగా వేసిన స్పీడుబ్రేకర్లు ఉండనే ఉన్నాయి. కారు కడుపు వాటికి తగిలి ఆయిల్ చాంబరు పగిలితే షోకంతా రోడ్డు పాలే. సైలెన్సరు కోసి మోత పెంచేవారికి బాలింతలు, పరీక్షలు రాసే పిల్లలు గుర్తుకు రావడం లేదు. ఒకదానిపై ఒకటిగా రెండు మ్యాట్లు పరిచి, పైది జారి బ్రేకు కింద ఇరుక్కుంటే ఏమిటన్న ఆలోచనా ఉండదు. కొన్ని కార్లలో సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుంది. అలాంటి సీటుకు బిగుతు కవరు తొడిగితే ప్రాణం కాపాడే సంచి లోపలే చిక్కుకుపోవచ్చు.

చట్టం ఏమంటున్నదీ యువకులకు తెలియజెప్పేవారు లేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మూల స్వరూపం మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ నిర్దేశానికి భిన్నంగా మార్పులు చేయరాదని తీర్పు చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. అద్దాలకు అతికించే నల్ల ఫిల్ములను 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించింది. ముందు, వెనుక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు లోనికి రావాలన్నది నియమం. కారు ముందు బిగించే ఇనుప గార్డులు వద్దని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అలాగని అన్నిటికీ అడ్డు లేదు. మ్యాట్లు, పాట పెట్టె, వెనుక కెమెరా, అదే మోడలులో ఖరీదైన కారుకు కంపెనీయే ఇచ్చే సైజు చక్రాలు, ఇలాంటివాటితో మూల స్వరూపం మారదు. కారు రంగు మార్చాలంటే రవాణా కార్యాలయంలో అనుమతి తీసుకొని ఆర్సీలో రాయించుకోవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పులు చేసుకున్నవారికి ప్రమాదం జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుందన్నది మరో సంగతి.

అన్నిటికంటే విడ్డూరం ఒకటుంది. నల్ల ఫిల్ము, మోత హారను అమ్మే దుకాణాలు, బండి ఆపి చలానా రాసే అబిడ్స్ చౌరస్తా, పట్టుబడినవారికి పాఠాలు చెప్పే గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థ, నాంపల్లి కోర్టులు, ఇవన్నీ నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి. బోర్డు పెట్టి పట్టపగలు అమ్మినవాడిని అడిగే నాథుడు లేడు. రసీదు కూడా లేకుండా కొని ఊరికి తెచ్చుకున్న కుర్రవాడు మాత్రం మూడు చోట్ల దోషి అవుతున్నాడు. ఆ 2019 సవరణలోనే అమ్మకందారుల సంగతీ ఉంది. కేంద్రం ప్రకటించిన కీలక భద్రతా విడిభాగాలను నిబంధనలకు విరుద్ధంగా అమ్మితే ఏడాది వరకు జైలు లేదా ఒక్కో విడిభాగానికి లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అయిదు వేల సెక్షను గుర్తున్న అధికారులకు లక్ష రూపాయల సెక్షను ఎందుకు గుర్తుకు రావడం లేదని కార్ల యజమానులు అడుగుతున్నారు. అడగడం న్యాయమే.

కారు సామాను అమ్మే ప్రతి దుకాణం ముందు ఏది బిగించవచ్చో, ఏది బిగించరాదో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టించవలసి ఉంది. జిల్లా రవాణా అధికారులు నెలకొకసారి మండల కేంద్రాలకు వచ్చి, కార్లను పట్టుకోవడానికి కాకుండా దీపాల ఎత్తు సరిచూసి చెప్పడానికి ఒక పూట కేటాయిస్తే ఖజానాకు పోయేదేమీ లేదు. ఐటీఐలలో చదివే కుర్రవాళ్ల చేత సెలవు రోజుల్లో తీగల పని సరిచేయిస్తే వారికీ నాలుగు రాళ్లు వస్తాయి. ఈ విషయమై సంబంధిత అధికారులు తక్షణం కదలాలని గ్రామస్థులు కోరుతున్నారు. ప్రస్తుతానికైతే మన్నెగూడ దారిలో పొద్దు గూకాక దూరాన తెల్లటి వెలుగు కనిపిస్తే చాలు, ఎడ్లబండ్ల వారు బండిని రోడ్డు దింపి మర్రిచెట్టు చాటున నిలుపుకొని, కారు వెళ్లిపోయాకే మళ్లీ రోడ్డెక్కుతున్నారు.