తెల్లమచ్చా, ట్యూబెడు తొందరా

మొన్న ఆదివారం ఊర్నుంచి పిన్ని ఫోను. చెల్లికి కంటి పక్కన తెల్లమచ్చ వచ్చిందట. "నువ్వు నెట్లో చూసి ఏదైనా మంచి ఆయింట్‌మెంటు చెప్పరా" అంది. నన్నే ఎందుకడిగిందంటే నాకు గడ్డం కిందా, కుడిచేతి వేళ్ళ చివర్లా బొల్లి ఉంది. ఈ టెక్నాలజీలో నాకు ఏడేళ్ళ అనుభవం, సర్టిఫికేషన్ లేదంతే :)

ఇప్పుడేం రాస్తున్నారని అడిగితే, మెడికల్ షాపతను ఇచ్చిన క్రీము, రెండు నెలల్నుంచీ అంది. ట్యూబు మీద పేరు చదవమన్నాను. క్లోబెటాసోల్. స్టెరాయిడ్లలో బాగా ఘాటైనది, అదీ కంటి పక్కన! అక్కడ చర్మం ఉల్లిపొరలా పలచనైపోతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో మన దేశంలో నిబంధనలు బిగించారు. బిగించారు సరే, మా ఊరి షాపు దాకా వచ్చినట్టు లేదు.

అసలు ఈ మందులేం చేస్తాయో ఎవరూ చెప్పరు, గొడవంతా అక్కడే. బొల్లి అంటు కాదు, రక్తం చెడిపోవడం కాదు, చేపలు తిని పాలు తాగినందుకు రాదు. మన రోగనిరోధక కణాలే పొరబడి, చర్మానికి రంగునిచ్చే కణాలని చంపేస్తాయి. పూతమందు రంగు వెయ్యదు. ఆ దాడిని ఆపుతుంది, అంతే. ఆ తర్వాత వెంట్రుకల కుదుళ్ళలో దాక్కుని మిగిలిన కణాలు మెల్లగా పైకొచ్చి పరుచుకోవాలి. అందుకే రంగు తిరిగొచ్చేటప్పుడు చాలామందికి ముందు మిరియపు గింజల్లా చుక్కలొస్తాయి. వెంట్రుకలే లేని వేలి చివర్లలో, పెదాల మీద కష్టం. నా గడ్డానికి టాక్రోలిమస్ రాస్తే నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు, ఐదో నెలలో చుక్కలొచ్చాయి. వేళ్ళు మాత్రం ఇప్పటికీ కదల్లేదు.

ఈ టాక్రోలిమస్ కథ భలే ఉంటుంది. 1984లో జపాన్‌లో సుకుబా దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. అవయవ మార్పిడి వాళ్ళకి ముందు వాడారు. తర్వాత ఎగ్జిమాకి ఆయింట్‌మెంటయింది. స్టెరాయిడ్‌లా చర్మాన్ని పలచన చెయ్యదు కాబట్టి బొల్లికి, ముఖ్యంగా మొహం మీద, డాక్టర్లు రాస్తుంటారు. మొదట్లో కాస్త మండుతుంది.

ఇక అందరూ అడిగే "ఆ అమెరికా క్రీము" రుక్సోలిటినిబ్. 2022 జులైలో అక్కడి ఎఫ్‌డీఏ 12 ఏళ్ళు దాటినవాళ్ళకి అనుమతించింది. బొల్లిలో రంగు తిరిగి తెప్పించడానికని అనుమతి పొందిన మొదటి మందు అదే. పరీక్షల్లో 24 వారాలకి మొహం మీద మచ్చ 75 శాతమో అంతకుమించో తగ్గింది పదిమందిలో ముగ్గురికి. మందు లేని ఉత్త క్రీము రాసుకున్నవాళ్ళలో పదిమందికి ఒక్కరికి. మంచి మందే, కాదనను. కానీ వచ్చిన కొత్తలో అక్కడ ట్యూబు ధర దాదాపు 2000 డాలర్లు. ఆన్‌సైట్ వెళ్ళిన ఫ్రెండుని సూట్‌కేసులో తెమ్మనేవాళ్ళు ఈ "ముగ్గురు" అనే అంకె దగ్గర కాసేపు ఆగాలని నా మనవి.

అన్నట్టు, మచ్చ ఉన్నచోట ఏం తగులుతోందో కూడా చూడాలి. స్టిక్కర్ బొట్టు జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల సరిగ్గా బొట్టంత తెల్లమచ్చ పడడం మన ఆడవాళ్ళలో కొత్తేం కాదు. అలాంటప్పుడు ఎన్ని క్రీములు రాసినా, ముందు ఆ బొట్టు మానాలి.

చివర్లో పిన్ని అసలు మాట అడిగింది. "మాఘమాసంలోగా పోతుందా? సంబంధాలు చూస్తున్నాం." ఘాటు క్రీము ఎందుకు కొన్నారో అప్పుడర్థమైంది. మన ఆఫీసుల్లో సేల్స్ వాళ్ళు డేటిచ్చేసి వచ్చాక మనల్ని ఎస్టిమేషన్ అడుగుతారే, అచ్చం అలాగ. ముహూర్తం చర్మానికెలా తెలుస్తుంది?

దాచకండి, పెళ్ళివారికి ముందే చెప్పెయ్యండి అన్నాను. "కుష్టు అనుకుంటార్రా" అంది గొంతు తగ్గించి. కుష్టు మచ్చకి మామూలుగా స్పర్శ సరిగా తెలీదు, బొల్లి మచ్చకి తెలుస్తుంది. అసలు కుష్టుకే పూర్తిగా నయమయ్యే మందుంది. దాన్ని విడాకుల కారణాల్లోంచి 2019లో చట్టమే తీసేసింది. మనం ఇంకా దానితో సంబంధమే లేని మచ్చని చూసి గొంతు తగ్గించుకుంటున్నాం. ఈ మాట కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పిన్ని నొచ్చుకుంది.

శనివారం చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్తున్నారు. రెండు నెలలు వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపాలో, తగ్గిస్తూ రావాలో ఆయనే చెప్పాలి. అందుకే ఆ ట్యూబు పారెయ్యకుండా తీసుకెళ్ళమన్నాను. చెల్లి సరేనంది. పిన్ని మాత్రం "డాక్టరు తిడతాడేమోరా" అంటోంది.