షార్డింగ్ సంగతి తర్వాత, ముందు డిస్కు చూడండి

డేటాబేస్ కాస్త నెమ్మదించిందంటే చాలు, మీటింగులో ఎవరో ఒకరు "షార్డింగ్ చేసేద్దాం" అంటారు. ఇంకొకాయన "అసలు నోఎస్క్యూఎల్‌కి మారిపోదాం" అంటాడు. ఇల్లు కురుస్తుంటే పెంకులు సర్దకుండా కొత్తింటికి ముగ్గు పోసినట్టుంటుంది నాకు.

నా మటుకు నాకు మొదటి అనుమానం డిస్కు మీదే. ఏడబ్ల్యూఎస్‌లో జీపీ2 డిస్కునే తీసుకోండి. జీబీకి 3 చొప్పున ఐఓపీఎస్ ఇస్తారు, అంటే సెకనుకి ఇన్ని రీడ్లూ రైట్లూ అని. 100 జీబీ డిస్కుకి 300 అన్నమాట. కానీ మొదట్లో 3000 దాకా పరిగెడుతుంది, ఎందుకంటే ఖాతాలో 54 లక్షల క్రెడిట్లు వేసి మరీ ఇస్తారు. పూర్తి వేగంతో వాడితే అవి అరగంట దాటీ దాటకుండానే ఖాళీ. అక్కణ్ణించి మళ్ళీ 300. అసలు వాడకుండా వదిలేసినా ఖాతా నిండడానికి ఐదు గంటలు పడుతుంది. అందుకే పది నిమిషాల లోడ్ టెస్టు బ్రహ్మాండంగా పాసవుతుంది, రాత్రి బ్యాచ్ జాబు మాత్రం నలభయ్యో నిమిషంలో చతికిలబడుతుంది. కోడ్‌లో ఎంత వెతికినా ఏం దొరుకుతుంది, నా మొహం! సీపీయూ గ్రాఫు ప్రశాంతంగానే ఉంటుంది. చూడాల్సింది బర్స్ట్ బ్యాలెన్స్ గ్రాఫు.

2020 డిసెంబరులో వచ్చిన జీపీ3లో ఈ గొడవ లేదు. సైజుతో పని లేకుండా 3000 ఇస్తుంది, జీబీ రేటూ తక్కువే. అయితే పాత డిస్కులు తమంతట తాము మారవు, ఎవరో పూనుకుని మార్చాలి. 1000 జీబీ దాటినవైతే మార్చేటప్పుడు ఐఓపీఎస్ అదనంగా కొనుక్కోవాలి, లేదంటే ఉన్నది కాస్తా తగ్గుతుంది. ఇంకోటి, ఎందుకైనా మంచిదని సైజు పెంచేయకండి. ఈబీఎస్ డిస్కుని పెంచగలం గానీ కుదించలేం.

రీడ్ రెప్లికా పెట్టడం సులువే, కానీ రైట్ల భారం తగ్గదు. పైగా యూజరు అడ్రసు మార్చి సేవ్ కొట్టాక కూడా పాత అడ్రసే కనిపిస్తే ఫోన్ మీకే వస్తుంది.

ఇక షార్డింగ్. ఫిగ్మా వాళ్ళు 2020లో ఒకే ఒక్క పోస్ట్‌గ్రెస్ మీద, దొరికినంతలో పెద్ద మెషీన్ తీసుకుని నడిపారు. తర్వాత క్యాషింగ్, రెప్లికాలు, టేబుళ్ళని గుంపులుగా వేరే డేటాబేసుల్లోకి మార్చడం, ఇవన్నీ అయ్యాకే 2023లో మొదటి టేబుల్‌ని షార్డ్ చేశారు. నోషన్ 2021లో 32 డేటాబేసుల్లో 480 షార్డులుగా విడగొట్టింది, వర్క్‌స్పేస్ ఐడీ ఆధారంగా. అక్కడ ఒక వర్క్‌స్పేస్ వాళ్ళకి ఇంకో వర్క్‌స్పేస్ డేటాతో పెద్దగా పని ఉండదు కాబట్టి అది కుదిరింది. మరి మీ దగ్గర అలాంటి కీ ఏది? కస్టమర్ ఐడీ అంటారా, సరే. ప్రాంతాలవారీగా నెలాఖరు రిపోర్టు కోసం అన్ని షార్డులూ తిరగాల్సిందే. ఆ రిపోర్టు అడిగేది, మీటింగులో షార్డింగ్ అన్న పెద్దమనిషే.