ఇరువది మందికి లోపలనైనను

దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి మన దేశమున అమలులో నున్నది. ఉద్యోగమిచ్చు ప్రతి సంస్థయు సమానావకాశ విధానమును ప్రకటించి, దాని ప్రతిని కమీషనరు కడ నమోదు చేయింపవలెనని అందలి 21వ సెక్షను శాసించుచున్నది. 20 మంది గాని అంతకు మించి గాని పనివారుగల ప్రైవేటు సంస్థ, దివ్యాంగులకు తగిన ఉద్యోగములను, ఎంపిక విధమును, శిక్షణను అందు వివరించి, ఒక అనుసంధానాధికారిని నియమింపవలెను. అంతకు లోబడిన సంస్థ, వారు పని చేయుటకు వలయు సౌకర్యములను తెలిపిన చాలును.

ఈ భేదము న్యాయమేయని మా అభిప్రాయము. పదిమందితో నడచు అచ్చుకూటమును, వేయిమందితో నడచు కర్మాగారమును ఒకే త్రాసున తూచరాదు. అయినను, చిన్న యజమాని దీనిని విముక్తిగా నెంచినచో పొరబడినట్లే. తగ్గినది వ్రాతపని, బాధ్యత తగ్గలేదు. మెట్టు ప్రక్కన వాలుదారి వేయుటకును, చక్రాల కుర్చీ పట్టునట్లు బల్లను జరుపుటకును ధనరాసులు అక్కరలేదు. పెద్ద సంస్థలకు లేమి యను సాకును లేదు.

తొలి ఉల్లంఘనకు 10,000 రూపాయల వరకును, మలి ఉల్లంఘనలకు 50,000 మొదలు 5 లక్షల వరకును జరిమానా గలదు. కాని సమర్థుడైన ఉద్యోగార్థి వాకిటి మెట్టుకడనే ఆగిపోయినచో కలుగు నష్టమును ఏ జరిమానా తీర్చగలదు? తాము పనిచేయు చోట ఆ విధానపత్రము ప్రకటింపబడినదా యని పాఠకులు నేడే విచారింతురు గాక.