పరీక్ష పెట్టినవారే తప్పు చేస్తే



గొలుగొండ వైపు పల్లె నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఈ నెల నాకు చేరింది. భార్యాభర్తలిద్దరూ జీడితోటల్లో కూలికి వెళ్లి కుమార్తెను డిగ్రీ చదివిస్తున్నారు. ప్రాక్టికల్ పరీక్షకు బయట నుండి వచ్చిన ఎగ్జామినరు ఆ అమ్మాయి రికార్డు బల్లమీద విసిరి, ఊరూ పేరూ అడిగి, “మీకెందుకమ్మా ఈ చదువులు” అని అందరి ఎదుట అన్నాడట. ఎగ్జామినరు ఖర్చులకని పిల్లల దగ్గర డబ్బు కూడా వసూలు చేశారట. ఇవ్వలేనివారికి మార్కులు తగ్గాయట. “అయ్యగారూ, క్షమించి వదిలేయమని పెద్దలు అంటున్నారు. పిల్ల మాత్రం అన్నం తినడం లేదు. ఫిర్యాదు చేస్తే పాపమా?” అని ఆమె అడుగుతోంది. కళాశాల పేరు నేనిక్కడ వ్రాయను.

చెల్లెమ్మా, పాపం కాదు. ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా పౌలును కొట్టించి, మరునాడు చాటుగా వెళ్లిపొమ్మని కబురు పంపితే, అతడు ఊరకే వెళ్లలేదు. తాను రోమా పౌరుడనని గుర్తుచేసి, ఆ అధికారులే స్వయంగా రావాలన్నాడు. అతనికి వారిమీద పగ లేదు, కాని జరిగినది తప్పని వారి ముఖం ఎదుట చెప్పాడు. క్షమించడం మీ హృదయానికి సంబంధించినది. వచ్చే ఏడు మరొక కూలివాని బిడ్డకు అదే జరగకుండా చూడడం వేరే పని. ఈ రెండూ ఒకటేనని చెప్పే పెద్దలకు నా మనవి: ఉపవాస ప్రార్థన పెట్టిన కాళ్లు ప్రిన్సిపాల్ గది దాకా కూడా నడవగలవు.

ముందుగా అమ్మాయి మాట పూర్తిగా వినండి. తక్కువ మార్కు ప్రతిదీ అన్యాయం కాదు. కాని విననిదే ఏది ఏమిటో తెలియదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే ఆమె మార్కులు 99! దిద్దినవారూ చూసుకోలేదు, సరిచూడవలసినవారూ చూసుకోలేదు. తరువాత వారిమీద చర్య తీసుకున్నారు. తప్పినవారందరి పత్రాలను ప్రభుత్వం ఉచితంగా తిరిగి పరిశీలింపజేసింది. అయితే అప్పటికే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు వ్రాశాయి. మార్కు తిరిగి వస్తుంది, బిడ్డ తిరిగి రాదు. మీ అమ్మాయి అన్నం తినడం లేదన్న మాటే ఆ ఉత్తరంలో నన్ను ఎక్కువగా భయపెట్టింది. ఆమెను ఒంటరిగా ఉంచకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా మాట్లాడతారు.

ఇక ఫిర్యాదు సంగతి. నోటిమాటగా చెబితే ఆఫీసులో అది గాలికి పోతుంది. ఏ తేదీన, ఏ గదిలో, ఎవరి ఎదుట, ఏ మాట అన్నాడు, ఎంత డబ్బు ఎవరు తీసుకున్నారు, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. ‘మా పిల్లకు అన్యాయం జరిగింది’ అని మాత్రమే వ్రాస్తే చాలదు. తిట్లు, శాపనార్థాలు వద్దు. కూడా ఉన్న పిల్లలు నలుగురు సంతకం చేస్తే ఒక్కరిమీద కక్ష కట్టడం కష్టం. ప్రిన్సిపాలుకు ఒకటి, విశ్వవిద్యాలయంలో పరీక్షల కంట్రోలరుకు ఒకటి ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

యూజీసీ 2023లో చేసిన నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లోగా విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మార్కుల విషయమైతే వివక్ష గాని, ఫలితాన్ని మార్చిన అక్రమం గాని స్పష్టంగా చూపాలి. అందుకే తేదీలూ మాటలూ వ్రాసి పెట్టమన్నాను. కులం పేరుతో నలుగురిలో అవమానించితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ చట్టం ఉంది. ఆడపిల్లతో అసభ్యంగా ప్రవర్తిస్తే కళాశాల అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా చెప్పాలి.

డబ్బు విషయం దాచకండి. పరీక్షల పనికి విశ్వవిద్యాలయం పిలిచిన ప్రతివాడూ, ప్రైవేటు కళాశాల వాడైనా సరే, 1988 అవినీతి నిరోధక చట్టం దృష్టిలో ప్రభుత్వ సేవకుడే. ఈ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. అడిగిన వెంటనే, ఇవ్వకముందే, 1064కు ఏసీబీ వారికి చెప్పవచ్చు. 2018 సవరణ తరువాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా తెలియజేస్తే వారికి రక్షణ ఉంది. ‘అందరూ ఇస్తున్నారు, మనమూ ఇద్దాం’ అనే తండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు, చెప్పక తప్పదు.

ప్రాక్టికల్స్‌కు సాధారణంగా రీవాల్యుయేషన్ ఉండదు. వ్రాతపరీక్షలో అనుమానం ఉంటే మాత్రం దిద్దిన పత్రాన్ని కళ్లారా చూసే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో చెప్పింది. సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు రుసుము 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. దిద్దినవారి పేరు చెప్పరు, అది న్యాయమే. మనకు కావలసింది పత్రం, మనిషి ఇల్లు కాదు.

చెల్లెమ్మా, ఫిర్యాదును అమ్మాయి తన చేతితోనే వ్రాయనివ్వండి. కాగితం మీద పెట్టేకొద్దీ ఆ మాట బరువు ఆమెకు కొంత తగ్గుతుంది. హాల్‌టికెట్టు, మార్కుల జాబితా నకళ్లు తీసుకొని ఆమెతో కలిసి నర్సీపట్నం రండి. మీ పెద్దలలో ఒకరినైనా వెంటబెట్టుకొని రండి, వారితో నేను మాట్లాడతాను.