సబాల్టర్న్ అనేస్తే సరిపోతుందా?

దళిత కవి పుస్తకం వస్తే సబాల్టర్న్ గొంతు. బీడీ కార్మికురాలి కథ వస్తే సబాల్టర్న్ గొంతు. మొన్నొక సభలో అరగంట మాట్లాడి, అడిగినవాళ్ళందరికీ గట్టిగా జవాబిచ్చిన కవిని కూడా అదే మాటతో పరిచయం చేశారు. నాకు చిరాకేసింది.

ఇంగ్లీషులో ఈ మాట వినిపించేది ఎక్కువగా సైన్యంలో. కెప్టెన్ కన్నా కింది ర్యాంకు ఆఫీసరు సబాల్టర్న్. గమనించండి, ఆఫీసరు, సిపాయి కూడా కాదు! ముస్సోలినీ జైల్లో గ్రాంసీ తన నోటుపుస్తకాల్లో దాన్ని అధికారం లేని వర్గాలకు వాడాడు. 1982లో రణజిత్ గుహా సంపాదకత్వంలో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటం వచ్చింది. అందులో మన గూడెం-రంప తిరుగుబాట్ల మీద డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం ఉంది. ఆ కొండవాళ్ళు తమ గురించి తాము రాసుకున్న కాగితాల్లేవు. ఉన్నవల్లా వాళ్ళని అణిచినవాళ్ళ రికార్డులు, వాటి నిండా 'ఫితూరీ'. చరిత్రకారుడు శత్రువు రాతలోంచే వాళ్ళ మనసు పట్టుకోవాలి. 1988లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఈ చిక్కునే ఇంకా బిగించింది: నోరున్నా, ఆ మాట చేరే దారి లేనివాళ్ళ సంగతేమిటని. పీడితులందరికీ ఇదో స్టైలు పేరైపోవడం ఆమెకీ నచ్చలేదు.

'గబ్బిలం' తీసుకోండి. 1941 నాటి కావ్యం. అందులో నాయకుడు శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని బతిమాలతాడు. గుడిలోకి దానికున్న ప్రవేశం అతనికి లేదు. అతను సబాల్టర్న్, ఒప్పుకుంటాను. రాసిన జాషువా మాత్రం కాదు. ఆయనకి పాఠకులున్నారు, 1964లో సాహిత్య అకాడెమీ అవార్డుంది. ఆయన్నీ ఆ మాటలోకి తోస్తే, పోరాడి సంపాదించుకున్న గొంతుని మళ్ళీ లాక్కున్నట్టే.

అయినా ఎందుకు వాడతాం? సుఖం కాబట్టి. సబాల్టర్న్ అని రాస్తే ఏ కులమో, ఎవరి బావి దగ్గర ఎవరు ఆపారో రాయక్కర్లేదు. చదువుకున్నట్టు కనబడతాం, ఇబ్బందీ తప్పుతుంది.

నేనూ ఆ పనే చేశాను. నా మొదటి సమీక్షలో ఆ మాట ఐదుసార్లు ఉంది. అది చదివి ఆ కవి ఫోన్ చేశారు. "బాగుంది తమ్ముడూ. మా మాల పల్లె పేరు రాయడానికి మొహమాటపడ్డావా?" అన్నారు. ఏదో నసిగాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, మొత్తం సమీక్షలో ఆయన కవితల్లోంచి ఒక్క పాదం కూడా ఎత్తి రాయలేదు.