పద్ధెనిమిదేళ్లు దాటిన పిల్ల పగలు ఎవరి బాధ్యత?

మేధోవైకల్యం ఉన్న పిల్లలకు బడి ఎప్పుడు అయిపోతుందో చట్టం స్పష్టంగానే చెప్పింది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న ప్రతి బిడ్డకూ ఆరేళ్ల నుంచి పద్ధెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉందని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ అంటుంది. ఆ తర్వాత? పద్ధెనిమిదో ఏడు నిండిన మర్నాడు పొద్దున్న తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఆ పిల్ల ఎక్కడ ఉండాలి, ఏం చెయ్యాలి, ఎవరు చూసుకోవాలి? ఈ ప్రశ్న ఎవరినీ అడగనక్కర్లేదు. సమాధానం ముందే రాసిపెట్టి ఉంది: అమ్మ ఉందిగా!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. లోపాలు ఎన్ని ఉన్నా అక్కడికి వచ్చే పిల్లలకు ఓ టీచరు ఉంటుంది, తోటి పిల్లలుంటారు, ఫిజియోథెరపీ దొరుకుతుంది. అన్నిటికీ మించి, పొద్దున్నే తల దువ్వుకుని వెళ్లడానికి ఓ చోటు ఉంటుంది. వయసు దాటగానే అదంతా ఆగిపోతుంది. "బడున్నప్పుడు ఆ కాసేపూ కూలికెల్లొచ్చేదాన్నమ్మా. ఇప్పుడు గుంటనొగ్గీసి ఎలాగెల్తాను?" అని ఒక తల్లి నన్ను అడిగింది. ఆమె కోల్పోయిన కూలి ఏ సర్వేలోనూ లెక్కకు రాదు. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలయింది. మంచిదే, ఎన్నో ఇళ్లు దాని మీదే నిలబడుతున్నాయి. కానీ రోజుకు రెండు వందలు. అందులోనే మందులు, ఆస్పత్రికి బస్సు ఛార్జీలు, తిండి. మనిషికి కావలసిన పగటిపూట జీవితాన్ని ఆ డబ్బు కొనలేదు.

మన ప్రాంతంలో ఈ భారం ఇంకాస్త ఎక్కువ. ఇక్కడి మగవాళ్లు భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, విజయవాడ, చెన్నై పోతారు. తీరప్రాంత జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి నెలల తరబడి బోట్ల మీద ఉంటారు. భార్యాభర్తలిద్దరూ వలసపోతే ఈ పిల్లను ముసలి అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టాలి, లేదా చెల్లెల్ని బడి మాన్పించి కాపలా పెట్టాలి. తమ్ముణ్ణి మాన్పించరు, చెల్లెల్నే మాన్పిస్తారు. ఒక ఆడపిల్లకు దారి మూసేసి, ఆ మూసిన తలుపు దగ్గర ఇంకో ఆడపిల్లను కూర్చోబెడతాం. దీన్ని ప్రేమ అంటాం, త్యాగం అంటాం. బలవంతపు చాకిరీ అని మాత్రం అనం.

ఇదే వైకల్యం ఉన్న కొడుకు విషయం చూడండి. వాడు వీధిలో తిరుగుతాడు, టీ బడ్డీ దగ్గర కూర్చుంటాడు. నలుగురూ వేళాకోళం చేసినా వాడికో ఊరు ఉంటుంది. కూతురికి ఆ ఊరు కూడా లేదు. ఎవడైనా ఏమైనా చేస్తాడేమోనన్న భయంతో గడియ పెడతారు. ఆ భయం అబద్ధం కాదు. అయితే దానికి శిక్ష అనుభవిస్తున్నది ఎవరు? 1994లో పుణె ససూన్ ఆస్పత్రిలో, శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలోని మేధోవైకల్యం గల ఆడపిల్లలకు గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత, రక్షణ అంటూ కారణాలు చెప్పారు. మహిళా సంఘాలు దేశవ్యాప్తంగా నిరసన తెలిపాయి. ఒప్పుకోలు లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం చెయ్యరాదని ఈనాడు 2016 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. చట్టం మారింది గానీ ఆలోచన పూర్తిగా మారలేదు. శరీరం మీద కత్తి పెట్టకపోయినా, పగలంతా గది గడియ పెట్టడం ఆ ఆలోచనకు చెల్లెలే.

మరి ఇంట్లో ఉన్నంతసేపూ ఏం చేయించాలి? "ఏదో ఒకటి చేతిలో పెట్టి కూర్చోబెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. నేను దానికి ఒప్పుకోను. ఇరవై ఏళ్ల మనిషికి చిన్నపిల్లల బొమ్మలిచ్చి, టీవీ పెట్టి పొద్దు గడిపించడం ఆమెను అవమానించడమే. ఆమెకు కావలసింది వయసుకు తగ్గ పని. మన ఇళ్లలో దానికి కరువు లేదు. చింతపండులో గింజలు తియ్యడం, బియ్యంలో రాళ్లు ఏరడం, కోళ్లకు గింజలు వెయ్యడం, పాదులకు నీళ్లు పొయ్యడం, మన్యం వైపు అడ్డాకుల విస్తళ్లు కుట్టడం, పొందూరు వైపు పత్తి శుభ్రం చెయ్యడం. ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. ఒక మెట్టు వచ్చాకే రెండోది. ఏ పూట పని ఆ పూటే, రోజూ అదే వేళకు. వేళ తప్పితే ఈ పిల్లలు కలవరపడతారు. చదవడం రాకపోతే గోడ మీద బొమ్మలు గీసి చూపించవచ్చు. పలాస వైపు వాళ్లకు ఒక హెచ్చరిక: జీడి గింజల పని మాత్రం వద్దు, జీడినూనె చేతులు కాల్చేస్తుంది.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. కూతురికి పని నేర్పడం అంటే అంట్లు, బట్టలు, తుడుపు ఆమె నెత్తిన పడెయ్యడం కాదు. ఎదురు చెప్పలేని మనిషి ఇంట్లో ఉంటే ఆమెను జీతం లేని పనిమనిషిని చేసుకోవడం చాలా తేలిక. అందుకు నేను ఒకే కొలత పెట్టుకుంటాను. ఆ పని వద్దనే స్వేచ్ఛ ఆమెకుందా? విస్తళ్లు అమ్మితే వచ్చిన డబ్బులో ఆమె చేతికి ఏమైనా అందుతోందా? వారంలో ఒక్కసారైనా ఆమె సంతకో, గుడికో, స్నేహితురాలి ఇంటికో వెళ్తోందా? ఈ మూడూ లేకపోతే అది నేర్పు కాదు, నిర్బంధం.

తల్లి ఎంత తెలివిగా దినచర్య వేసినా ఒక్కతే బడి కాలేదు. తండ్రి ఊళ్లో ఉన్నన్నాళ్లయినా రోజుకు రెండు గంటలు పిల్ల బాధ్యత తీసుకోవాలి. అది భార్యకు చేసే సాయం కాదు, అతని వంతు పని. అంతకంటే ముఖ్యం, పద్ధెనిమిది దాటినవాళ్లకు మండలానికొక పగటి కేంద్రం కావాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కేరళలో పంచాయతీలు, కుటుంబశ్రీ మహిళా సంఘాలు కలిసి 2004 నుంచి బడ్స్ పాఠశాలలు నడుపుతున్నాయి. పద్ధెనిమిది దాటినవాళ్లకు విడిగా పునరావాస కేంద్రాలు పెట్టాయి. అక్కడ ఆశ్వాసకిరణం అనే పథకం కింద సంరక్షకులకు నెలనెలా భత్యం కూడా పెట్టారు. ఆరు వందలే, చాలా తక్కువ. కానీ తల్లి చేసేది కూడా పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది.

మనకు సంఘాలు లేవా? 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఊరూరా పొదుపు సంఘాలున్నాయి, మండల సమాఖ్యలున్నాయి. అప్పుల వాయిదాల గురించి కూర్చున్నట్టే ఈ పిల్లల గురించీ ఒకరోజు కూర్చోవాలి. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. పేదరిక నిర్మూలన పథకాల్లో ఐదు శాతం వికలాంగులకు, అందులోనూ స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 37వ సెక్షన్‌లో ఉంది. వీటిని కాగితం మీంచి కిందికి దింపమని కలెక్టరు గ్రీవెన్సుకు తల్లులు ఒంటరిగా కాదు, సంఘంగా వెళ్లాలి.

వికలాంగులన్న మాట తీసేసి విభిన్న ప్రతిభావంతులని శాఖకు పేరు పెట్టుకున్నాం. పేరు మార్చడానికి ఖర్చు లేదు. ఆ ప్రతిభను పగటిపూట ఎక్కడ చూపించాలో చెప్పడానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చును ఇన్నాళ్లూ తల్లులూ చెల్లెళ్లూ తమ బతుకుల్లోంచి కడుతున్నారు. ఇక ప్రభుత్వం కట్టాలి.