నాటకపు కుంచెలు: కార్యవర్గమునకు మా మనవి

వార్షికోత్సవము సమీపించినప్పుడు మన నాటకసంఘమున చర్చకు వచ్చు విషయములు ఏటేట ఒక్కటే. ఏ నాటకము వేయవలెను, దీపములు ఎచ్చట అద్దెకు తేవలెను, అక్బరు పాదుషాకు తగిన అంగరఖా ఎవరి ఇంట దొరకును, పాత తెరకు కుట్లు వేయింతమా, క్రొత్తది కొందమా? నటుల ముఖమునకు రంగు పూయు కుంచెను గూర్చి మాత్రము ఎవరును నోరెత్తరు. అది మేకప్పు చేయువారి పెట్టెలో వచ్చును, ఆ పెట్టెలోనే పోవును. ఇంతటి అల్పవస్తువును గూర్చి వార్షిక సంచికలో పుటలు నింపుట యేలయని పాఠకులు అడుగవచ్చును. గత సంవత్సరము మాకు కలిగిన అనుభవము విన్న పిదప అట్లడుగరని మా నమ్మకము.

ఆ రాత్రి ఉర్దూ విభాగమువారు ఇమ్తియాజ్ అలీ తాజ్ 1922లో రచించిన 'అనార్కలీ'లోని కొన్ని దృశ్యములను, తెలుగు విభాగమువారు గురజాడవారి 'కన్యాశుల్కము'లోని ఒక రంగమును ప్రదర్శించిరి. పదునొకండు ముఖములకు ఒకే పెట్టె. కనురెప్పల అంచులు దిద్దుటకు ఒకే సన్న కుంచె. ఒకరికి దిద్దిన పిమ్మట దానిని పాతగుడ్డతో తుడిచి మరియొకరికి దిద్దిరి. మూడవనాటికి సలీము పాత్రధారి కండ్లు ఎఱ్ఱబడి, ఉదయము లేచునప్పటికి పుసులు కట్టి రెప్పలు అంటుకొనిపోయినవి. మరునాడు మరి ఇద్దరు అట్లే వచ్చిరి. వైద్యులు చూచి కండ్లకలక యనిరి. కుంచెయే కారణమని మేము ప్రమాణముచేసి చెప్పజాలము. ఒకే తువాలు వాడినను, కన్ను నులిమిన చేతితో ఇంకొకరిని తాకినను అది అంటును. కాని ఒకరి కంటితడి తగిలిన కుంచె నేరుగా వేరొకరి కంటికి పోవుటకంటె దగ్గరిదారి ఆ వ్యాధికి ఏది కలదు? 2023 వానకాలమున తెలుగునాట ఊరూర ఈ కలక వ్యాపించినప్పుడు ఇంటిలో తువాళ్లు వేరుచేసికొనిన మనమే, రంగస్థలము వెనుక గదిలో ఆ సంగతి మరచితిమి.

రెండవ సంగతి ఇంతకన్న సున్నితమైనది. ఆనాడే మా సహాధ్యాయి యొకడు పౌడరు దులుపు గట్టి కుంచెను చేతబట్టి, "ఇది దేని వెంట్రుక?" అని అడిగెను. ఎవరికిని తెలియదు. మేకప్పు చేయునాయన నవ్వి, "కుంచెకు కులమేమిటి బాబూ" అనెను. అందరును నవ్విరి. ఆ విద్యార్థి మారుమాటాడక వ్రేళ్లతోనే పౌడరు అద్దుకొని వేదిక నెక్కెను. మాట చమత్కారముగనే యున్నది గాని, అడిగినదానికి అది జవాబు కాదు. పంది వెంట్రుకతో బ్రష్షులు చేయుట లోకమున చిరకాలపు వాడుక. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారి నైలాను 1938లో మొట్టమొదట బజారుకు వచ్చినది పండ్లుతోము బ్రష్షు రూపముననే. అంతకు పూర్వము ఆ బ్రష్షులకు పంది కుచ్చే విరివిగా వాడెడివారు. రంగుల కుంచెలలో నేటికిని ఆ వెంట్రుక ఉన్నది. అట్టిదానిని ముఖమునకు తాకింపనని ఒక విద్యార్థి సంకోచించినచో, అది నవ్వి త్రోసిపుచ్చదగిన సంకోచము కాదు. మన కళాశాలలో అసలే కాదు.

ఆహార్యమును భరతుడు అభినయ చతుష్టయములో ఒకటిగా లెక్కించెను. వేషము, రంగు, అలంకారము వాచికముతో సమానముగ కూర్చుండినవి. కావున ఇది సోకులకు సంబంధించిన ముచ్చటయని పెద్దలు కొట్టివేయరాదు. ఈ జిల్లాకు నాటకము క్రొత్తదియు కాదు. బళ్లారి రాఘవ 1880లో మన తాడిపత్రిలోనే జన్మించెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆయన వాదించెను. నేడు మన విద్యార్థినులు వేదిక నెక్కుచున్నారు. వారికి వేరుగ గది నిచ్చితిమి గాని, కుంచె మాత్రము గోడ దాటి అటునిటు తిరుగుచునే యున్నది. ధర్మవరము దాపున నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులను మనమందరము ఎఱుగుదుము. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అచ్చట రంగు పూయునది మేకతోలు బొమ్మకు. బొమ్మకు దురద పుట్టదు, కన్ను కలకబారదు. మన రంగు పడునది సజీవమైన చర్మముపై. పూర్వము వీథినాటకముల నటులు పచ్చని వన్నెకై అర్దళము పూసికొనెడివారు. అది పాషాణమును గంధకమును కలిసిన ఖనిజము. ఆ రంగును విడిచి మేలైన రంగులకు వచ్చితిమి గాని, వానిని పూయు సాధనమును గూర్చి ఇంకను ఆలోచింపలేదు.

ఇక ఎట్టి కుంచెలు కొనవలెను? మేక వెంట్రుక మెత్తనిది, పౌడరును చక్కగ పట్టి ఉంచును. ఏలయన జంతురోమముపై కంటికి కానరాని పొలుసు లుండును, పొడి వానిలో నిలుచును. ఉడుత వెంట్రుక మరింత మెత్తన. 'కామెల్ హెయిర్' అను పేర అమ్ముదానిలో ఒంటె వెంట్రుక ఉండదు. సాధారణముగ అది ఉడుతదో, మేకదో, గుఱ్ఱపుపిల్లదో యగును. (చిన్ననాటి డ్రాయింగు తరగతిలో ఆ ఒంటెను తలచుకొని మురిసినవారు మమ్ము క్షమింతురుగాక.) ముంగిస వెంట్రుక కుంచె సన్నని గీతకు పేరుపడినది, కాని దానిని తాకవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ముంగిస రక్షిత జంతువు. ఆ కుంచెల వ్యాపారము నేరము. 2019లో కేంద్ర అధికారులు 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' అను పేర, కుంచెల తయారీకి ప్రసిద్ధమైన ఉత్తరప్రదేశములోని షేర్‌కోట్ మొదలగు చోట్ల సోదాలు జరిపిరి. ఒక్కొక్క జంతువునుండి పనికివచ్చు వెంట్రుక చాల కొద్ది. కావున ఒక గుప్పెడు కుంచెలకు ఎన్ని ప్రాణములు పోవునో ఊహింపవచ్చును.

మా అభిప్రాయమున కళాశాలకు తగినవి నైలాను జాతి కృత్రిమ పోగుల కుంచెలే. నూనె కలిసిన రంగులను అవి లోనికి పీల్చవు. కడిగిన త్వరగా ఆరును. ఎవరి మనస్సునకును అభ్యంతరము కలిగింపవు. పౌడరు విషయమున మేక వెంట్రుక కొంత మేలని ఒప్పుకొందుము. ఆ కొంత మేలునకై ఒక నటుని మనస్తాపము కొనితెచ్చుకొనుట లాభసాటి బేరము కాదు.

అంగడివాని మాటపై ఆధారపడ నక్కరలేదు. ధర్మవరము పట్టు కొనువారు దారము కాల్చి చూచు పద్ధతి మన ప్రాంతమున పిల్లలకు సైతము తెలిసినదే. కుంచెనుండి ఒక్క పోగు లాగి నిప్పు చూపుడు. జంతురోమమైనచో వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపిన పొడియగు మసి మిగులును. కృత్రిమమైనచో కరగి గట్టి పూసవలె ముడుచుకొనును. అయితే ఈ పరీక్ష మేక ఏదో పంది ఏదో విడదీసి చెప్పదు. పంది వెంట్రుక బిరుసుగ నుండి చివర చీలియుండును గాని, ఆ గుర్తొకదానినే నమ్మి కూర్చుండరాదు. రోమమని తేలి, దేనిదో అమ్మువాడు చెప్పలేనిచో దానిని అచ్చటనే విడిచి రండు. పిమ్మట కుంచెను అరచేతిపై నొక్కి త్రిప్పి చూడుడు. పోగులు రాలినను, లోహపు పట్టీ కదలినను వలదు.

కంటికిని పెదవికిని వాడు సన్న కుంచె ప్రతి నటునికి వేరుగ నుండవలెను, దాని కాడపై పేరు వ్రాయవలెను. ఇందు మేము రాజీపడము. పౌడరు కుంచెలు మూడు నాలుగున్న చాలును, మనిషికి మనిషికి నడుమ శుభ్రపరచిన యెడల.

శుభ్రపరచుట యనగనే నీటి ప్రసంగము వచ్చును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ మనది. హాస్టలులో బకెట్టుకై వరుసలో నిలిచినవారికి కుంచెలు కడుగుమనుట పరిహాసముగ తోపవచ్చును. కాని దీనికి పట్టునది రెండు చెంబుల నీరు. మొదట కొబ్బరినూనె చుక్కతో రంగును కరగించి గుడ్డపై తుడువవలెను. రంగు చాలవఱకు అచ్చటనే పోవును. పిదప పోగులను క్రిందికి వంచి, గోరువెచ్చని నీటిలో చివరల వఱకే తడిపి, అరచేతిలో షాంపూతో మెల్లగ రుద్దవలెను. సబ్బుకన్న షాంపూ మేలనుటకు కారణము మన బోరు నీరే. ఆ ఉప్పునీటితో సబ్బు విరిగి తెల్లని జిడ్డుగ పోగులకు పట్టును. తుది కడుగు త్రాగునీటితో చేయుట మంచిది. కుంకుడురసము తలకు మంచిదే గాని కంటి కుంచెకు వలదు. మిగిలిన చుక్క మండించును. లోహపు పట్టీలోనికి నీరు దిగినచో లోపలి జిగురు కరగి పోగులూడును; కావున తడి కుంచెను గ్లాసులో నిలువుగ పెట్టరాదు. పిండి, మొన సరిదిద్ది, నీడన పరుండబెట్టవలెను. ఇచ్చటి పొడిగాలికి అది ఆరుటకు ఎంతో సేపు పట్టదు. కరవునేల మనకు చేయు ఉపకారములలో ఇదొకటి. ఆ గాలియే ధూళిని తెచ్చును గనుక, ఆరిన వెంటనే ఉతికిన గుడ్డలో చుట్టవలెను. ప్రదర్శన నడుమ తీరిక లేనప్పుడు నైలాను కుంచెను స్పిరిటుతో తుడిచి ఆరనిచ్చి వాడవచ్చును. జిడ్డు తుడువక స్పిరిటు చల్లుట వ్యర్థము, దీపముల దాపున చల్లుట ప్రమాదము.

ఒక్క రాత్రి నాటకమునకు ఇంత హంగామా యేల, మేకప్పు చేయువారే చూచుకొందురు గదా, అని కొందరు సభ్యులు అందురని మాకు తెలియును. ఆ వృత్తివారిని మేము నిందించుట లేదు. ఉత్సవముల దినములలో ఒక చోట పని ముగించుకొని తెల్లవారులోగా వేరొక ఊరికి పోవలసిన బ్రతుకు వారిది. మనమిచ్చు స్వల్పరుసుములో పదునొకండు కుంచెలు ఎట్లు తేగలరు? అందువలననే కుంచెలు కళాశాలవి కావలెననుచున్నాము. రసాయనశాలలో గాజుగొట్టము పగిలినచో స్టాకు రిజిస్టరులో వ్రాయుదురు. మనిషి కంటికి తాకు కుంచెకు ఆపాటి పద్దు ఉండరాదా? కడుగు పని అటెండరుపై వేయక, ఎవరి కుంచె వారే కడిగి అప్పగింపవలెను. పాదుషా వేషధారియైనను సరే.

గత సంవత్సరపు పెట్టెనుండి జారిపడిన కుంచె యొకటి వేదిక క్రింద మాకు దొరికినది. మొన్న దాని పోగొకటి కాల్చి చూచితిమి. వెంట్రుక కంపు కొట్టినది. దేని వెంట్రుకయో నేటికిని తెలియదు. దానిని కాగితమున చుట్టి నాటకసంఘపు అల్మారాలో ఉంచి, కొనవలసిన కుంచెల పట్టికను కార్యదర్శిగారికి అందజేసితిమి. రిహార్సళ్లు మొదలగులోపల అవి వచ్చినచో, ఈసారి సలీము వేషము వేయువానికి మొదటి కుంచె ఇచ్చెదము.